కొసరుకు గడి లేదు

మా కమిషనర్ శశికాంత్ గారు పదిహేను రోజుల శిక్షణకి జపాన్ వెళ్ళి వస్తూ ఒక మడత గొడుగు, పెట్టెడు గ్రీన్ టీ పొట్లాలు, ఒక పుస్తకం తెచ్చుకున్నారు. గొడుగు గోదావరి గాలికి మొదటి వానలోనే వెల్లకిలా తిరగబడింది. టీ ఆఫీసులో అందరికీ పంచారు గానీ, పాలు పోసి మరిగిస్తే బాగోలేదని ఎవరూ తాగలేదు. మిగిలింది పుస్తకం. రావులంక పట్టణం ఏడాదిపాటు పడ్డ పాట్లకి అదే కారణం.

అది జపాన్ జనం నిత్యం ఏం కొంటారో, ఎలా కొంటారో, కొన్నాక ఏమనుకుంటారో అడిగి తెలుసుకున్న సర్వే పుస్తకం. రెండు వందల పన్నెండు పేజీల్లోనూ వందకి ఇంతమంది, వందకి ఇంతమంది అని అంకెలే. పాలపొట్లం అరలో ముందు వరస నుంచి తీసుకునేవారు డెబ్భై ఒక్కమంది. ధర విని మారు మాట్లాడకుండా కొనేవారు తొంభై నలుగురు. వస్తువు చుట్టి ఇచ్చిన కవరు దాచుకునేవారు యాభై ఎనిమిది మంది. అన్నిటికన్నా కమిషనర్ గారి మనసు దోచుకున్నది నలభై మూడో పేజీ. ఏది అడిగినా 'చెప్పలేను' అన్న గడిలో టిక్కు పెట్టినవారు వందకి నలభై ముగ్గురు.

"చూశారా ఆ నిగ్రహం!" అన్నారాయన కౌన్సిల్ సమావేశంలో పుస్తకం పైకెత్తి. "నలభై ముగ్గురు! అభిప్రాయం ఉండి కూడా లేనట్టుండడం! దేశం అలా బాగుపడుతుంది."

ఆ రోజే తీర్మానం జరిగింది. దాని నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. 'అభివృద్ధి చెందిన దేశ ప్రజల అభిప్రాయములు కూడా అభివృద్ధి చెందినవే అయి ఉండును గనుక, సదరు అభిప్రాయములను రావులంక పురపాలక సంఘ పరిధిలో వచ్చే ఉగాది నాటికి యథాతథముగా నెలకొల్పుటకు నిర్ణయమైనది.'

నేను తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టు. ఈ రెండు అర్హతలూ చూసి నన్ను నాలుగో వార్డుకి గౌరవ సర్వేదారుగా వేశారు. మా ఆవిడ విశాలాక్షి పోయి అప్పటికి మూడేళ్ళు. ఇంట్లో గోడగడియారం మరీ పెద్దగా కొట్టుకుంటున్నట్టు వినిపించే రోజులవి. పిలిచి పని ఇస్తామంటే వద్దనలేదు.

మొదటి ఇల్లు సాంబమూర్తిది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. అరుగు మీద కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, అడగమన్నాడు.

"పాలపొట్లం ముందు వరసలోది తీసుకుంటారా, వెనక వరసలోదా?"

"వెనకదేనండి. ముందుది ఎవడు తీసుకుంటాడు? నిన్నటిదై ఉంటుంది."

"అందరూ వెనకదే తీసుకుంటే ముందుది ఎవరు తీసుకోవాలంటారు?"

"మా పక్కింటాయనండి," అన్నాడు వెంటనే.

పక్కింటాయన్ని అడిగాను. ఆయన సాంబమూర్తి పేరు చెప్పాడు.

మళ్ళీ వెనక్కి వచ్చి రెండో ప్రశ్న అడిగాను. "కొత్తగా వచ్చిన ఒక రకం సబ్బుపెట్టెల రంగుల మీద మీ అభిప్రాయం ఏమిటి? బాగున్నాయి, బాగోలేవు, చెప్పలేను. మూడింట్లో ఒకటి."

"ఏం సబ్బండి అది?"

"మన దేశంలోకి ఇంకా రాలేదు."

"దరిద్రంగా ఉన్నాయని రాసుకోండి."

"చూడలేదు కదా సాంబమూర్తి గారూ. చెప్పలేను అనొచ్చు."

"చెప్పలేనా? నేనా?" కుర్చీలోంచి లేచాడు. "ఇరవై తొమ్మిదేళ్ళు బస్సులో నిలబడి ఊరందరికీ చెప్పినోణ్ణి. భీమశంకరం గారూ, మీరు ఇంటికొచ్చి అడిగేరు కాబట్టి ఊరుకున్నాను."

ఊరంతా కలిపి పద్దెనిమిది వందల నలభై మందిని అడిగాం. 'చెప్పలేను' అన్నవాళ్ళు ముగ్గురు తేలారు. అందులో ఒకాయన ఆ ఉదయమే పన్ను పీకించుకుని నోట్లో దూది పెట్టుకున్నాడు. రెండో ఆయన్ని అడిగినప్పుడు అల్లుడు పక్కనే ఉన్నాడు. మూడో ఆవిడ పొరపాటున టిక్కు పెట్టానని, కొట్టేయమని సాయంత్రం ఆఫీసుకొచ్చి గొడవ చేసింది.

ఈ ఫలితం చూసి కమిషనర్ గారు రెండ్రోజులు భోజనం సరిగ్గా చేయలేదని విన్నాను. మూడోనాడు సూపరింటెండెంట్ కామేశ్వరప్రసాద్ గారు దారి కనిపెట్టారు. ఆయనకి ఫైలు భాష తప్ప వేరే భాష రాదు. ఇంట్లో కాఫీ కూడా 'తగు చర్య నిమిత్తం' అడుగుతారని అంటారు.

"అభిప్రాయములు వాటంతట అవి ఏర్పడునని వేచియుండుట పరిపాలన అనిపించుకొనదు సార్. కేటాయింపు జరుపవలెను," అన్నారు.

కేటాయింపు జరిగింది. బేసి సంఖ్య ఇళ్ళవారికి అభిప్రాయం ఉండరాదు. సరిసంఖ్య ఇళ్ళవారికి ఉండవచ్చు. ఈ లెక్కన అభిప్రాయం లేనివారు వందకి యాభై మంది అవుతున్నారు గనుక, బేసి ఇళ్ళలో ఏడుగురికి అభిప్రాయ అనుమతి పత్రాలు ఇస్తారు. దరఖాస్తుకి రెండు ఫొటోలు జతపరచాలి. సాంబమూర్తిది నాలుగు బై పదిహేడు. దరఖాస్తుల కౌంటరు తెరవకముందే వెళ్ళి మొదట నిలబడ్డాడు. పత్రం ఎందుకు కావాలో రాయమన్న చోట 'ఊపిరాడుటకు' అని రాశాడట.

కవర్ల సంగతి ఇంకో రకం తలనొప్పి. దాచుకునేవారు యాభై ఎనిమిది మందే ఉండాలి. మా ఊళ్ళో వందకి వందా దాచుకుంటారు. కవర్లు దాచే కవరు నిండిపోయి, దానికి ఇంకో కవరు తగిలించిన ఇళ్ళు కూడా ఉన్నాయి. మిగులు నలభై ఇద్దరి దగ్గర కవర్లు స్వాధీనం చేసుకోవడానికి మునిసిపాలిటీ బండి వచ్చింది. ఇచ్చినవాళ్ళు బండి వెనకాలే వెళ్ళి, డంపింగ్ యార్డు దగ్గర ఎవరి కవర్లు వాళ్ళు ఏరి తెచ్చుకున్నారు.

అభిప్రాయం లేకుండా ఉండడం నేర్పడానికి టౌన్ హాల్లో తరగతులు పెట్టారు. నేనూ వెళ్ళాను. శిక్షకుడు కాకినాడ నుంచి వచ్చాడు. గోడ చూపించి "ఈ రంగు ఎలా ఉంది?" అన్నాడు. "చెప్పలేమండి" అన్నారు అందరూ. ఫ్యాను చూపించాడు. "చెప్పలేమండి." మొదటి గంట బాగానే గడిచింది. ఆ తరవాత ఆయన కొంచెం కష్టమైన ప్రశ్న వేశాడు.

"నిన్న మీ వార్డులో జరిగిన పెళ్ళి భోజనంలో గుత్తివంకాయ ఎలా ఉంది?"

ముందు వరసలో సాంబమూర్తి రెండు చేతులూ కుర్చీకి బిగించి పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఒక నిమిషం ఆపుకున్నాడు. నేను గడియారం చూశాను, నిమిషం మీద ఎనిమిది సెకండ్లు.

"నూనె తక్కువండీ!" అని అరిచాడు.

"నూనె కాదు, చింతపండు ఎక్కువ," అంది వెనక వరసలో ఒకావిడ. ఇక హాలు హాలంతా లేచింది. ముప్పావుగంట సేపు గుత్తివంకాయ గురించే. శిక్షకుడు కూడా చివర్లో ధనియాల సంగతి ఎత్తాడు.

ఇంతవరకూ నాకు ఇదంతా సరదాగానే ఉంది. పదిహేడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆ సరదా పోయింది. దాని సంగతి చెప్పాలంటే ముందు నూకరత్నం గురించి చెప్పాలి.

పెద్ద మార్కెట్టు ఉత్తరం గేటు పక్కన నాలుగడుగుల చోటులో, టార్పాలిన్ కింద నూకరత్నం ఇరవై రెండేళ్ళుగా కూరగాయలు అమ్ముతోంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏటా ఆమె కాటాకి, రాళ్ళకి ముద్ర వేసేవాణ్ణి. అందుకని నన్ను ముద్రల బాబుగారు అంటుంది. విశాలాక్షి ఆమె దగ్గరే కొనేది. బేరం ఆడేది కాదు; కొసరు కోసం మాత్రం పోట్లాడేది. "కరివేపాకేదే?" "ఏసేనండి అమ్మగారూ." "ఇది రెమ్మా, ఈనా?" ఇద్దరికీ ఆ పోట్లాట లేకపోతే పొద్దు మొదలయ్యేది కాదు.

విశాలాక్షి పోయి పదమూడు రోజులూ దాటాక, మొదటిసారి నేనే సంచి పట్టుకుని వెళ్ళాను. ఎంత కొనాలో తెలియలేదు. అలవాటుగా "అరకిలో బెండకాయలు" అన్నాను. నూకరత్నం నా ముఖం వంక చూడలేదు. సంచి వంక చూసింది.

"ఇయ్యాల బెండకాయలు ముదురండి బాబుగారూ. అర్ధపావు అట్టుకెళ్ళండి. బాగుంటే రేపు మళ్ళా వద్దురుగాని," అంది.

ఇంటికెళ్ళి కోస్తే అవి లేతగా ఉన్నాయి. ఒక్కొక్కటీ చిటుక్కున విరిగింది. ఒక్కడికి ఎంత చాలో ఆ మాట నాతో అనకుండా చెప్పింది ఆమె. బెండకాయల అడుగున కరివేపాకు రెమ్మ ఒకటి, రెండు పచ్చిమిరపకాయలు ఉన్నాయి. నేను అడగలేదు. మర్నాడు వెళ్ళి, పొరపాటున పడ్డాయేమో అన్నాను. "అది అమ్మగారి కొసరండి," అంది వేరే బేరం చూసుకుంటూ. అప్పటినుంచీ రోజూ అంతే.

ముప్పై ఒక్కేళ్ళు తూకంలో తక్కువ ఇచ్చినవాళ్ళ మీద కేసులు రాశాను. ఎక్కువ ఇచ్చినవాళ్ళ మీద రాయడానికి మా శాఖలో ఫారం లేదు. ఆ లోటు పురపాలక సంఘం పూడ్చింది.

పదిహేడో ప్రశ్న ఇది: 'తూకము కచ్చితముగా ఉన్నచో మీరు తృప్తి చెందుదురా?' జపాన్‌లో తొంభై ఆరు మంది అవునన్నారు. రావులంకలో ఇద్దరు. మిగతావాళ్ళందరూ "తూకం సరేనండి, కొసరేది?" అన్నారు. పుస్తకంలో కొసరుకు గడి లేదు. పుస్తకంలో లేనిది ఊళ్ళో ఉండడం కమిషనర్ గారిని బాగా ఇబ్బంది పెట్టింది. కామేశ్వరప్రసాద్ గారు నోట్ ఫైలు రాశారు.

'కొసరు అనగా తూకములో లేనిది, బిల్లులో లేనిది, అడిగిన వచ్చునది, అడుగకున్నను వచ్చునది. ఇట్టి అనిశ్చిత పదార్థమును ఈ కార్యాలయము గుర్తించజాలదు. కొసరు ఉన్నంతకాలము తూకముతో తృప్తి కలుగదు. కావున కొసరు నిషేధించుటమైనది. అతిక్రమించిన వర్తకుల స్థల కేటాయింపు రద్దగును.'

మార్కెట్టు మూగబోయింది. చోటు పోతుందన్న భయంతో అందరూ కచ్చితంగా తూచి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక వంకాయ ఎక్కువైతే కోసి సగం వెనక్కి తీసుకునేవారు. జనం సంచి అందుకుని కూడా అక్కడే నిలబడి ఉండేవారు, ఏదో మర్చిపోయినట్టు.

నూకరత్నం మానలేదు. వారంలో మూడుసార్లు దొరికింది.

"ఏం చేత్తానండి? తూకం వెయ్యడం అవ్వగానే ఈ చెయ్యి దాని పాటికి అదే ఎల్లిపోద్దండి," అంది నాతో, కుడిచెయ్యి చూపించి, అదేదో చెప్పిన మాట వినని మనిషి అన్నట్టు. "అయినా ఆ నాలుగడుగులూ పోతే నేనెక్కడ కూకుంటానండి? మా అత్తకి సూపానదు. ఈ బుట్ట మీదే కదండి ఇల్లంతానూ."

నోటీసు ఇచ్చారు. ఆమె చోటులో కూరగాయల యంత్రం పెడతారని అందులోనే ఉంది. జపాన్ వీధుల్లో అడుగడుగునా యంత్రాలే అమ్ముతాయని కమిషనర్ గారు చూసి వచ్చారు. అది బేరమాడదు, కొసరివ్వదు. ముందుగా ఒక యంత్రాన్ని దక్షిణం గేటు దగ్గర పెట్టి ప్రయోగం చేశారు. డబ్బు వేసి మీట నొక్కితే పావుకిలో పొట్లం కిందకి జారుతుంది. తరవాత "ధన్యవాదాలు" అని ఆడగొంతుతో అంటుంది.

మొదటిరోజు ఆడవాళ్ళు దాని చుట్టూ మూగారు.

"బెండకాయలు ముప్పయ్యా? అక్కడ ఉత్తరం గేటు కాడ పాతిక్కే ఇత్తన్నారు కదే!"

"ధన్యవాదాలు," అంది యంత్రం, అప్పుడే ఎవరో డబ్బులు వేస్తే.

"ధన్యవాదాలు పప్పులో ఏసుకుంటామా? కొసరేదీ?" అని ఒక ముసలావిడ దాని పక్కటెముకల మీద ఒక్కటి చరిచింది. లోపల ఏదో కదిలింది. రెండు బెండకాయలు టపటపా రాలాయి.

మధ్యాహ్నానికి గేటు దాటి బస్టాండు దాకా వరస కట్టారు జనం. ఎవరూ తోసుకోలేదు. ఒకళ్ళు మీట నొక్కడం, చరవడం, ఏరుకోవడం, పక్కకి తప్పుకోవడం. కమిషనర్ గారు వచ్చి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు. "క్యూ! రావులంకలో క్యూ!" అని ఫొటోలు తీయించి జపాన్‌లోని ఆ సర్వే సంస్థకే పంపించారు. వాళ్ళు సంతోషించి, తమ దగ్గర పెద్దావిడ ఒకరు దక్షిణ భారతం వస్తున్నారనీ, వీలు చేసుకుని రావులంక చూస్తారనీ జవాబు రాశారు.

క్యూ ఎందుకో కామేశ్వరప్రసాద్ గారికి సాయంత్రం తెలిసింది. నియమం అంటే అందరికీ ఒకటే. యంత్రానికి నోటీసు అంటించారు. 'నిషేధిత కొసరు ఇచ్చినందున మీ స్థల కేటాయింపు ఏల రద్దుపరచరాదో వారము దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' నోటీసు చదివి వినిపిస్తుండగా ఎవరో డబ్బులు వేశారు. యంత్రం "ధన్యవాదాలు" అంది. నోటీసు సగౌరవంగా స్వీకరించినట్టు నమోదు చేసుకున్నారు. వారమైనా సంజాయిషీ రాకపోవడంతో దాన్ని బండెక్కించి గోడౌనుకి పంపేశారు. చరిచినా రాల్చని రకం యంత్రం ఒకటి నూకరత్నం చోటు కోసం తెప్పిస్తున్నారని తెలిసింది.

ఆమె విచారణ సోమవారం జరిగింది. రోజూ ఆమె దగ్గర కొనేవాణ్ణి, పైగా సర్వేదారుణ్ణి, తూకాల శాఖలో పనిచేసినవాణ్ణి కనక నన్ను సాక్షిగా పిలిచారు. పొద్దున్నే కూరగాయలు కొనుక్కుని అటునుంచి అటే వెళ్ళాను. సంచి నా కాళ్ళ దగ్గర ఉంది. కరివేపాకు వాసన కమిషనర్ గారి బల్ల దాకా వెళ్తోందేమోనని సంచి మూతి మడిచి పెట్టాను. నూకరత్నం తలుపు పక్కన కొంగు బిగించుకుని నిలబడింది.

"భీమశంకరం గారూ," అన్నారు కమిషనర్ గారు. "ఈవిడ మీకు కొసరు ఇవ్వడం నిజమేనా?"

సర్వీసులో ఉండగా ఒక్క తప్పుడు రిపోర్టు రాయలేదు నేను. అవునంటే ఆమె నాలుగడుగులు పోతాయి. కాదంటే నా ముప్పై ఒక్కేళ్ళు పోతాయి. ఆ గదిలో నాకు టౌన్ హాలు తరగతి గుర్తొచ్చింది.

"చెప్పలేనండి," అన్నాను.

"ఈ ఉదయం ఇచ్చిందా?"

"చెప్పలేనండి."

"పోనీ, ఇచ్చి ఉండవచ్చని మీ అభిప్రాయమా?"

"చెప్పలేను."

కమిషనర్ గారు కళ్ళజోడు తీశారు. మెల్లగా లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మూడు ప్రశ్నలకి మూడూ! సహజంగా! ఎవరూ అందించకుండా!" సూపరింటెండెంట్ గారి వైపు తిరిగారు. "ప్రసాద్ గారూ, చూడండి. ఇదీ మనకి కావలసింది."

కామేశ్వరప్రసాద్ గారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. "సాక్షి చెప్పలేనని చెప్పియున్నారు. చెప్పలేని దానిని అవునుగా గాని కాదుగా గాని మార్చు అధికారము ఈ కార్యాలయమునకు లేదు. మరియు, చిన్న దుకాణములలో కొనువారు వందకు పన్నెండుగురు అని పుస్తకమునందు ఉన్నందున, జపాన్ అతిథి సందర్శన నిమిత్తము చిన్న దుకాణము ఒకటి నమూనాగా ఉంచవలసియున్నది. కావున ఈమె స్థలము సందర్శన దినము సాయంత్రము వరకు పొడిగించడమైనది."

మెట్ల దగ్గర నూకరత్నం నన్ను ఆపింది. "ఏంటండి బాబుగారూ, నా కోసం అబద్ధమాడేరా?"

"లేదమ్మా. చెప్పలేనన్నాను. నిజంగానే చెప్పలేను."

ఆమె కాసేపు నా వంక చూసి, "ఎండగా ఉందండి, నీడమ్మటా ఎల్లండి," అంది.

జపాన్ అతిథి పేరు ఫుమికో గారు. అరవై ఐదేళ్ళుంటాయి. చిన్న మనిషి, గుడ్డ సంచీ, కాన్వాసు బూట్లు. కూడా హైదరాబాదు నుంచి జపనీస్ తెలిసిన ఒక అమ్మాయి మాటలు మార్చి చెప్పడానికి వచ్చింది. కౌన్సిల్ హాల్లో కమిషనర్ గారు తెర మీద అంకెలు చూపించారు. ముందు వరస పాలపొట్లం డెబ్భై ఒకటి. బేరమాడనివారు తొంభై నాలుగు. కవర్లు యాభై ఎనిమిది. చెప్పలేనివారు నలభై మూడు. పుస్తకం పక్కన పుస్తకం పెట్టినట్టు ఉన్నాయి.

ఫుమికో గారు చాలాసేపు చూసి ఏదో అడిగారు.

"మా దేశంలోనే ఈ అంకెలు ఏటా మారుతుంటాయి, మీకు ఇంత సరిగ్గా ఎలా కుదిరాయీ అంటున్నారండి," అంది అమ్మాయి.

"కృషి," అన్నారు కమిషనర్ గారు.

అక్కడినుంచి మార్కెట్టుకి నడిచాం. నూకరత్నానికి ముందే చెప్పి ఉంచారు. కామేశ్వరప్రసాద్ గారు ఆమె బుట్ట పక్కనే, కరివేపాకు కట్టకి అడ్డంగా నిలబడ్డారు. "తూకము మాత్రమే," అన్నారు మెల్లిగా. "ఏదైనా అదనముగా వేసినచో సాయంత్రము దాకా కూడా లేదు, ఇప్పుడే ఖాళీ."

ఫుమికో గారు వంగి బెండకాయలు చూశారు. ఒకటి తీసి చివర విరవలేదు, ఊరికే పట్టుకుని చూసి మళ్ళీ పెట్టేశారు. పావుకిలో అని వేళ్ళతో చూపించారు. నూకరత్నం తూచింది. ముల్లు నిటారుగా నిలిచింది. నేను ముద్ర వేసిన కాటా అది. అందులో తప్పుండదు. గుడ్డ సంచీలో పోసింది.

అక్కడితో అయిపోవాలి. కుడిచెయ్యి గాల్లో ఆగిపోయింది. నూకరత్నం ఆ చేతి వంక చూసింది, నా వంక చూసింది, తరవాత ఆ పరాయి దేశపు ముసలావిడ వంక చూసింది.

"తప్పుకోండి బాబూ," అంది సూపరింటెండెంట్ గారితో. "ఇంత దూరం నుంచొచ్చిన ఆడకూతుర్ని తూచి పంపేత్తానేంటండి? చోటు పోతే పోనీండి, అదెక్కడో అక్కడ ఎతుక్కుంటాను."

ఆయన కాళ్ళ పక్క నుంచి చెయ్యి పెట్టి కరివేపాకు రెమ్మ, పెద్ద రెమ్మే, లాగింది. రెండు పచ్చిమిరపకాయలు కలిపి సంచీలో పడేసింది.

ఫుమికో గారు ఆ రెమ్మ పైకి తీసి వాసన చూశారు. డబ్బు తీయబోయారు. నూకరత్నం వద్దని చెయ్యి ఊపింది. అప్పుడావిడ ముఖం మారింది. "ఒమాకే!" అన్నారు, చిన్నపిల్లలా. తరవాత ఆగకుండా చాలాసేపు మాట్లాడారు.

"దీన్ని వాళ్ళు ఒమాకే అంటారటండి," అంది అమ్మాయి. "చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మగారి సందులో కూరగాయలాయన ప్రతిసారీ ఒక చిన్న ముల్లంగి ఎక్కువ పడేసేవాడట. ఏడ్చిన రోజు రెండు వేసేవాడట. ఆ కొట్టు పోయి నలభై ఏళ్ళయిందట. మళ్ళీ ఇప్పుడే చూశానంటున్నారు."

కమిషనర్ గారు గబగబా పుస్తకం తిప్పారు. "ఏ పేజీలో ఉంది? ఇందులో లేదే!"

అమ్మాయి అడిగింది. ఫుమికో గారు పుస్తకం వంక చూసి తల కొంచెం వంచారు.

"అడగడం మర్చిపోయామంటున్నారండి."

చివర్లో, కారెక్కబోతుంటే కమిషనర్ గారు మా పథకం మీద వారి విలువైన అభిప్రాయం కోరారు. ఫుమికో గారు ఆలోచించారు. నవ్వారు. ఒక చిన్న మాట అన్నారు.

"చెప్పలేనంటున్నారండి," అంది అమ్మాయి.

కమిషనర్ గారు దాన్ని అత్యుత్తమ ప్రశంసగా మినిట్స్‌లో రాయించారు.

నూకరత్నాన్ని ఖాళీ చేయించలేదు. జపాన్‌లో కూడా ఉన్నది నిషేధించడం ఎలా? పదిహేను రోజులకి కొత్త ఉత్తర్వు వచ్చింది. కొసరు ఇకమీదట తప్పనిసరి. తూకం అయిన వెంటనే పన్నెండు గ్రాములు, తగ్గరాదు, మించరాదు. పుచ్చుకున్నవారు రిజిస్టరులో సంతకం చేయాలి. పన్నెండు గ్రాముల రాళ్ళు చేయించి, ముద్ర వేయడానికి నన్నే పిలిచారు. వేశాను. నూకరత్నం నెత్తిమీద టార్పాలిన్‌కి 'ఆదర్శ కొసరుదారు' అని బోర్డు వేలాడదీశారు. వాన నీళ్ళు దాని మీద నుంచి నేరుగా వంకాయల్లోకి కారుతున్నాయని ఆమె అర్జీ పెట్టుకుంది. పరిశీలనలో ఉంది. సాంబమూర్తికి అనుమతి పత్రం వచ్చింది. ఫొటో సరిగ్గా పడలేదని ఆయన అభిప్రాయం.

మొన్న పొద్దున్న వెళ్ళాను. అర్ధపావు బెండకాయలు తూచింది. తరవాత పన్నెండు గ్రాముల రాయి పెట్టి కరివేపాకు తూచింది. ఒక ఆకు ఎక్కువైతే తీసేసింది. రిజిస్టరు చాచింది. సంతకం చేశాను.

సంచి అందుకుని తిరగబోతుంటే ఆగమంది. అటూ ఇటూ చూసి, బుట్ట చాటునుంచి ఒక రెమ్మ, రెండు పచ్చిమిరపకాయలు సంచిలోకి జారవిడిచింది.

"ఇదేమిటి నూకరత్నం? కొసరు ఇచ్చేశావుగా."

"అది ఆళ్ళదండి. ఇది అమ్మగారిది."

ఇంటికొచ్చి పోపు పెట్టుకున్నాను. వంటిల్లంతా ఆ వాసన నిండింది. భోజనం చేశాక ఆ నెల సర్వే ఫారం తీశాను. పదిహేడో ప్రశ్న కింద కొత్తగా ఒక గడి చేర్చారు. 'మీకు అందిన కొసరు ఎంత? గ్రాములలో తెలుపుడు.'

పన్నెండు అని రాసి సంతకం పెట్టాను. తూకంలో తక్కువ చూపించడం నా జీవితంలో అదే మొదటిసారి.